నాఖ్టిగాల్ బొగ్గుగని

జర్మనీ దేశపు పశ్చిమభాగమున రూర్ అను నది ప్రవహించుచున్నది. ఇది రైను నదికి ఉపనది. దీని తీరమున విట్టెన్ అను పట్టణము కలదు. పట్టణమునకు ఎదుటి యొడ్డున, చెట్లతో నిండిన ముట్టెన్‌టాల్ అను చిన్నలోయ నదిని కలిసికొనుచోట, నాఖ్టిగాల్ అను బొగ్గుగని యుండెను. నాఖ్టిగాల్ అనగా రాత్రివేళ మధురముగా కూయు నైటింగేల్ పక్షి. ఇంత చక్కని పేరుగల గని కథ మిక్కిలి శ్రమతో కూడినది.

పూర్వ మొక పందుల కాపరి చలి కాగుటకై యీ లోయలో నేలమీద మంట వేసెననియు, కట్టెలు కాలిపోయినను మఱునాటి యుదయమున నేలలోని నల్లరాళ్లు ఎఱ్ఱగా మండుచుండెననియు అచటివారు చెప్పుకొందురు. ఇది కట్టుకథయే కావచ్చును. కాని దీనిలో నొక సత్యము దాగియున్నది. సుమారు 30 కోట్ల సంవత్సరములకు పూర్వము చిత్తడినేలలలోని వృక్షములు మట్టిక్రింద పడి బొగ్గుగా మాఱినవి. ఆ బొగ్గుపొరలు రూర్ నదీప్రాంతమున నేలపైకి తేలి, ఉత్తరమునకు పోయిన కొలది లోతునకు దిగును. అందువలననే త్రవ్వకము మొదట ఈ లోయయందు ఆరంభమయ్యెను. నాఖ్టిగాల్ పేరు 1714వ సంవత్సరపు పత్రములలో కనబడుచున్నది.

ఆ కాలపు పనివాండ్రకు ప్రధానశత్రువు నీరు. బావి త్రవ్వినచో నీరూరి నిండిపోవును. కావున వారు కొండప్రక్కనుండి లోనికి సొరంగములు త్రవ్విరి. సొరంగపు అడుగు నదివైపునకు కొంచెము వాలుగా నుండుటచే నీరు తనంతట తానే వెలికి పాఱిపోవుచుండెను. కాని యీ పద్ధతిచే నదిమట్టమునకు పైనున్న బొగ్గు మాత్రమే దొరకును. క్రింద నెంత యున్నను అందదు. ప్రష్యారాజగు రెండవ ఫ్రెడరిక్ కాలమున, 1780 నాటికి, రూర్ నది పడవల రాకపోకలకు అనుకూలముగా చేయబడెను. అంతట గనులవద్ద బొగ్గు నింపుకొని పడవలు రైను నదివఱకు పోజొచ్చెను. గిరాకి పెరిగెను, పైబొగ్గు తఱిగెను.

ఈ చిక్కును తీర్చినది ఆవిరియంత్రము. యంత్రముచే నీటిని తోడవచ్చునని తెలియగానే, 1832లో నాఖ్టిగాల్‌వారు నదిమట్టమునకు దిగువకు నిలువుబావి దింపుట కారంభించిరి. 19వ శతాబ్ది నడుమ ఇది ఆ ప్రాంతపు ముఖ్యమైన లోతుగనులలో నొకటి యయ్యెను.

ఈ లోయలోనే 1830లో కట్టిన ప్రార్థనామందిర మొకటి నేటికిని నిలిచియున్నది. పనివాండ్రు బావిలోనికి దిగుటకు ముందు అచట గూడి దేవుని ప్రార్థించుచుండిరి; వచ్చినవారి పేర్లును పిలువబడుచుండెను. పైకప్పు కూలుట, విషవాయువు, నీటిపొంగు అను నాపద లెల్లప్పుడు నుండెడివి. ప్రొద్దున దిగినవాడు సాయంకాలము పైకి వచ్చునను నిశ్చయము లేదు. అందుచేతనే జర్మను గనివారు ఒకరినొకరు కలిసికొన్నప్పుడు "గ్లూక్ ఔఫ్" అని శుభము కోరుకొనుట ఆచారమైనది.

కాలక్రమమున ఉత్తరదిశను పెద్దగనులు, ఇనుపదారులు వెలసెను. చిన్నగని వాటితో పోటీపడజాలక 1892లో మూతపడెను. కాని యాస్థలము పాడుపడలేదు. బొగ్గుతో కూడ నుండు బంకరాతిని పొడిచేసి ఇటుకలు చేయు కార్ఖానా యొకటి అచట వెలసి, 1963వఱకు నడిచెను. అందలి కొలుము వలయాకారము గలది. నిప్పు ఆరకయే ఒక గదినుండి మఱియొక గదికి చుట్టుతిరుగుచు ఇటుకలను కాల్చుచుండెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము బొగ్గుకఱవు కలుగగా రూర్ ప్రాంతమున చిన్నచిన్న గనులు అనేకములు తిరిగి తెఱవబడెను. వాటిలో కడపటిదైన ఎగ్‌బర్ట్ గని ఈ ముట్టెన్‌టాల్‌లోనిదే. అది 1976లో ఆగిపోయెను. నాఖ్టిగాల్ 2003లో ప్రదర్శనశాలగా తెఱవబడినది. చూడవచ్చినవారు తలకు టోపీ ధరించి, సొరంగములోనికి వంగి నడచి, నిజమైన బొగ్గుపొరను కన్నులార చూడవచ్చును.

జర్మనీలో కడపటి నల్లబొగ్గుగని, బోట్రోప్ పట్టణమందలి ప్రోస్పెర్-హానియెల్, 2018 డిసెంబరు 21వ తేదీని మూయబడెను. ఐనను పని ముగియలేదు. బొగ్గు తీసిన చోట్ల నేల క్రుంగియున్నందున, ఊళ్లు మునుగకుండ నీటిని ఎల్లకాలము తోడుచునే యుండవలెను. ఆ వ్యయమునకై ప్రత్యేకనిధి యేర్పఱుపబడినది.

విద్యార్థులారా! దీనిని బట్టి మన మొకటి గ్రహింపవచ్చును. భూగర్భమునుండి మనము తీసికొను ధనము కొలదికాలముననే వ్యయమగును. దాని ఋణము మాత్రము మనుమల మునిమనుమల వఱకు వచ్చును. కావున దీపము వెలిగించునపుడు, చీకటిలో నీటితో పోరాడినవారిని తలంతుము గాక. ఏ పని నారంభించినను దాని తుదిని గూడ ముందే యోచింతుము గాక.