బంతి కూడు పెడుతుందా?

వాడరేవులో చేపల బేరాలు ముగిశాక, సాయంత్రం పూట తడి ఇసుక మీద కుర్రాళ్ళు ఫుట్‌బాల్ ఆడుతుంటారు. చెప్పుల జతలే గోలుపోస్టులు. కాళ్ళకు బూట్లున్నవాడు ఒక్కడూ కనపడడు. మొన్న వేసవి సెలవుల్లో నేనక్కడ నిలబడి చూస్తుంటే ఒక కుర్రాడి తండ్రి వల భుజాన వేసుకుని పోతూ, "ఒరే, ఆ బంతి కూడు పెడుతుందంట్రా?" అని కేకేశాడు. కుర్రాడు జవాబు చెప్పకుండా బంతి వెంట పరుగెత్తాడు. ప్రశ్న మాత్రం నా దగ్గర మిగిలిపోయింది.

ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర అంటే గెల్చిన కప్పుల పట్టిక అని మనవాళ్ళ ఉద్దేశం. కప్పుల లెక్క నేనూ చెబుతాను. కాని ఆ మత్స్యకారుడు వేసిన ప్రశ్నకు ఒక్కొక్క క్లబ్బు ఏం సమాధానం చెప్పిందన్నదే నాకు అసలు చరిత్రగా తోస్తుంది. తెలుగుదేశంలో దానికి గట్టి సమాధానం చెప్పిన జట్టు ఒకటుండేది: హైదరాబాద్ సిటీ పోలీస్.

ముందు కప్పులు. బొంబాయిలో 1891 నుంచి ఆడుతూ వచ్చిన రోవర్స్ కప్పును ఈ జట్టు 1950 మొదలు 1954 దాకా వరసగా అయిదేళ్ళు గెల్చింది. 1888లో సిమ్లాలో పుట్టిన డ్యూరాండ్ కప్పును 1950లో, 1954లో, 1957లో తెచ్చుకుంది. ఆంధ్ర పోలీస్ అని పేరు మారాక 1961లో ఇంకోసారి. 1950 ఫైనల్లో ఓడింది సామాన్యులు కారు, కలకత్తా మోహన్ బగాన్ వాళ్ళు.

ఈ జట్టు వెనకాల ఉన్న మనిషి ఒక స్కూలు మేష్టరు. సయ్యద్ అబ్దుల్ రహీం. పుట్టింది 1909లో. ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పాడు. అందరూ "రహీం సాబ్" అనేవారు. ఆయన పద్ధతి గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఆటగాళ్ళకు ఇవాళ్టికీ పనికొచ్చే పాఠం.

మన దగ్గర కాస్త ఆట వచ్చినవాడు బంతి దొరికిందా, ఇక వదలడు. ఇద్దర్ని తప్పించి, మూడోవాడి దగ్గర పోగొట్టుకుంటాడు. చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు, అవతలివాళ్ళు గోలు కొడతారు. రహీం సాబ్ దీనికి ఉపన్యాసాలివ్వలేదు, పోటీలు పెట్టాడు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషిద్ధం. బంతిని రెండుసార్లకు మించి తాకకుండా పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకొక పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలివాడు ఎడంకాలితో తిప్పలు పడాలన్నమాట. బంతి వచ్చేలోపలే అది ఎవరికివ్వాలో చూసుకోక తప్పదు. ఏ కాలికి వచ్చినా ఫరవాలేదనే ధైర్యం వస్తుంది. దీనికి కావలసింది డబ్బు కాదు, ఒక మైదానం, ఒక విజిలూ, ఓపికగల మేష్టరూ. మన కాలేజీలో మూడూ ఉన్నాయి గాని ఒకచోట కలవవు!

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగొస్లావియా చేతిలో 10-1తో ఓడారు. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్‌లో అదే దేశం రహీం శిక్షణలో నాలుగో స్థానం సంపాదించింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, తులసీదాస్ బలరాం అందరూ హైదరాబాద్ మైదానాల సరుకే. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చేనాటికి రహీం సాబ్‌ను కాన్సరు తినేస్తోంది. 1963 జూన్‌లో పోయాడు.

ఇక కూటి సంగతి. పోలీసు జట్టులో ఆడేవాడికి పోలీసు ఉద్యోగం ఉండేది. కాలు విరిగితే ఇంట్లో పొయ్యి ఆరిపోతుందన్న భయం లేదు. గల్లీలో ఆడుకునే కుర్రాడి తండ్రికి ఇంతకంటే మంచి జవాబు ఎవరిస్తారు? పోలీసేతర క్లబ్బులకూ ఈ ఇంగితం ఉండేది. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు బలరాం నగరానికి వచ్చి ఆడడానికి, సైకిలు అద్దె డబ్బులు క్లబ్బే ఇచ్చేదని ఆయనే చెప్పుకున్నారు. రూపాయి వ్యవహారమే. ఆ రూపాయి లేకపోతే ఒలింపిక్ ఆటగాడు లేడు.

కాని కలకత్తా ఇంతకంటే పెద్ద జవాబు చెప్పింది. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళి, చివరికి బెంగాల్‌లోనే స్థిరపడి 2023లో అక్కడే కన్నుమూశారు. మహమ్మద్ హబీబ్ 1966లో వెళ్ళాడు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మాస్ మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టిన హబీబ్ మనవాడే. వెళ్ళినవాళ్ళను తప్పుపట్టను. మేష్టరు పోయి, నేర్చినవాళ్ళు వెళ్ళిపోయాక ఊళ్ళో ఏం మిగులుతుంది? ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెల్చింది. మళ్ళీ గెలవలేదు.

ఈ కథ మన ఒక్కళ్ళదే అనుకోకండి. ఫ్రాన్సులో ఇంగ్లీషు ఛానెల్ ఒడ్డున కలే అని ఒక రేవు పట్టణం ఉంది. అక్కడి నాలుగో తరగతి క్లబ్బులో పగలు రకరకాల పనులు చేసుకునేవాళ్ళు ఆడేవారు. 2000 సంవత్సరంలో ఆ జట్టు స్ట్రాస్‌బోర్గ్, బోర్డో వంటి పెద్ద క్లబ్బుల్ని ఓడించి ఫ్రెంచి కప్పు ఫైనలుకు చేరింది. పారిస్ దగ్గర జరిగిన ఆ ఆటలో ముందు గోలు వాళ్ళదే. చివరి నిమిషపు పెనాల్టీతో నాంత్ జట్టు 2-1తో గెల్చింది. నాంత్ కెప్టెన్ కలే కెప్టెన్‌ను పిలిచి, కప్పును ఇద్దరూ కలిసి ఎత్తారు. ఆ తర్వాత ఊరు పన్నెండు వేలమంది పట్టే స్టేడియం కట్టుకుంది. క్లబ్బు మాత్రం అప్పులపాలై 2017లో మూతపడింది. స్టేడియం ఉంది, క్లబ్బు లేదు.

మనకు ఇది అటూ ఇటూగా జరిగింది. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే క్లబ్బు వచ్చింది, 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెల్చింది, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. కొన్న సామాను ఇల్లు మారినట్టు మారింది. పోలీసు జట్టును ఎవరైనా అలా బండికెత్తి తీసుకుపోగలిగేవారా?

ఆ సెలవుల్లోనే వాడరేవు కుర్రాళ్ళతో రెండు తాకుళ్ళ ఆట ఆడించి చూశాను. పది నిమిషాల్లో తగాదా వచ్చింది. "మూడుసార్లు తాకాడు సార్" అని ఒకడు, "అల తగిలింది, నేను తాకలేదు" అని ఇంకొకడు. ఎడంకాలి ఆటకైతే నవ్వుతో కూలబడ్డారు. మర్నాడు నేను వెళ్ళేసరికి ఇద్దరు కుర్రాళ్ళు విడిగా నిలబడి ఎడంకాలితో బంతి అటూ ఇటూ తన్నుకుంటున్నారు. అందులో ఒకడు ఆ వలమోసుకుపోయిన ఆయన కొడుకే.