కొడుకును అడిగిన తండ్రి

2022 జూలై. బక్రీద్ పండుగకు ముందు నుంచే ముసురు పట్టింది. మేకపోతును పెరట్లో కట్టే వీల్లేక వసారాలో కట్టేశాం. మా చిన్నోడు బడి నుంచి రాగానే సంచి గడపలోనే పడేసి దాని దగ్గరికి పరుగెత్తేవాడు. వేపమండలు వాడే విరిచి పెట్టేవాడు. ఎక్కడో ఓ చిన్న గంట సంపాదించి దాని మెడకు కట్టాడు. నాలుగో రోజు రాత్రి నా పక్కలో పడుకొని అడిగాడు: "అమ్మా, పండుగనాడు దీన్ని కోస్తరా?"

"లేదు బిడ్డా, గొల్లాయన మందలకే మల్ల తోలేస్తం" అన్నాను.

అబద్ధం. ఆ పూటకు వాడు నిద్రపోతే చాలనుకున్నాను. పండుగనాడు వాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కూర ముట్టలేదు. దానికి నేను బాధపడలేదు. వారం తర్వాత జ్వరమొస్తే, "ఈ మందు చేదుండదు, తాగు" అన్నాను. వాడు నా ముఖంలోకి చూసి, "నిజంగనా?" అన్నాడు. ఆ చూపు నన్ను చాలా కాలం వెంటాడింది.

కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ వైపు బక్రీద్ చేసుకునే ఇళ్లలో "దీన్ని కోస్తరా?" అన్న ప్రశ్న ఏదో ఒక ఏడు వస్తుంది. మా గోడ పక్క ఇళ్లలోనూ వస్తుంది. బోనాలనాడు పోచమ్మకు యాటను కోసే ఇంట్లో పిల్లలు అడిగేదీ ఇదే. కాబట్టి ఈ మాటలు మా వాళ్లకే కాదు, మీకూ చెబుతున్నాననుకోండి.

ముందు ఈ పండుగ వెనకున్న ఇబ్రాహీం ప్రవక్త కథ. చాలా ఇళ్లలో దీన్ని తొందరగా, తప్పు చోటు నుంచి చెబుతాం. "అల్లా ఆజ్ఞ ఇచ్చాడు, ఇబ్రాహీం కొడుకు మెడ మీద కత్తి పెట్టాడు" అని మొదలుపెడితే, ఆరేళ్ల పిల్లవాడికి అక్కడే గుండె ఆగిపోతుంది. వాడు మీ చేతుల వైపు చూస్తాడు. "నన్ను కూడా అట్లనే చేస్తవా?" అని పైకి అడిగే పిల్లలు కొందరే. అడగకుండా లోపల దాచుకునేవాళ్లే ఎక్కువ. చిన్న పిల్లలకు కథను చివర నుంచే మొదలుపెట్టండి. కొడుక్కి ఏమీ కాలేదు, దేవుడే ఆపాడు, అతని బదులు ఒక పొట్టేలు వచ్చింది, ఆ సంతోషమే మన పండుగ అని ముందే చెప్పేయండి. ఆ తర్వాత వెనక్కి వెళ్లి మిగతాది చెప్పినా వాళ్లు భయపడకుండా వింటారు.

మిగతాదాంట్లో నేను ఎప్పుడూ ఎక్కువసేపు ఆగేది తల్లి హాజిరా దగ్గర. ఇబ్రాహీం ఆమెను, పాలు తాగే పసివాణ్ని నీళ్లు లేని లోయలో విడిచి వెళ్లాడు. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. బిడ్డ ఏడుస్తుంటే హాజిరా సఫా, మర్వా అనే రెండు గుట్టల మధ్య ఏడుసార్లు పరుగెత్తింది, ఎవరైనా కనిపిస్తారేమోనని. చివరకు బిడ్డ దగ్గరే నీళ్లు ఉబికాయి. అదే జమ్ జమ్. ఇవాళ్టికీ హజ్‌కు వెళ్లినవాళ్లు, రాజైనా కూలివాడైనా, ఆ తల్లి నడిచిన దారిలో ఏడుసార్లు నడవాలి.

జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఈ ముక్కను ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. భర్త దుబాయ్‌లోనో సౌదీలోనో ఉంటే, పిల్లల జ్వరాలు, బడి ఫీజులు, అప్పులోళ్లు అన్నీ ఒక్కతే మోసే ఆడవాళ్లు ఆ ఇళ్లలో ఉన్నారు, ముస్లింలే కాదు. అక్కలారా, చెల్లెళ్లారా, ఈ కథ మీ పిల్లలకు మీరే చెప్పండి. మీరు చెబితే అది ఎప్పటిదో కథలా ఉండదు. ఇంకొకటి: దుబాయ్, సౌదీల్లో పండుగ సాధారణంగా మనకంటే ఒక రోజు ముందే వస్తుంది. నాన్న నమాజు ముగించుకొని ఫోన్ చేసేసరికి ఇక్కడ మేక ఇంకా ఆకులు నములుతూ ఉంటుంది. ఆ రోజు ఫోన్‌ను వీసా, డబ్బుల మాటలతో ముగించకండి. ఇబ్రాహీం కథలో ఒక ముక్కయినా ఆయన నోటితో పిల్లలకు చెప్పించండి.

ఇక కొడుకు సంగతి. ఖురాన్‌లో ఇది 37వ సూరాలో, అంటే అధ్యాయంలో, వస్తుంది. కొడుకు తనతోపాటు పనిపాటల్లో తిరిగే ఈడుకు వచ్చాక తండ్రికి కల వస్తుంది. 102వ ఆయత్‌లో, అంటే వాక్యంలో, ఆ తండ్రి చేసిన పని చూడండి. నిద్రపోతున్న పిల్లవాణ్ని ఎత్తుకుపోలేదు. విహారానికి పోదామని మభ్యపెట్టలేదు. తన కలను చెప్పి, నువ్వేమంటావని కొడుకునే అడిగాడు. కొడుకు సరేనన్నాకే ముందుకు నడిచాడు. ఎన్నోసార్లు విన్న కథే అయినా, మా చిన్నోడికి అబద్ధం చెప్పిన తర్వాతే ఈ ముక్క నాకు తగిలింది. ప్రాణం మీదికి వచ్చిన మాటనే ఆ తండ్రి దాచలేదు. నేను ఒక మేకపోతు సంగతి దాచాను.

ఆ చోట కొడుకు పేరు లేదు. ముస్లింలలో ఎక్కువమంది ఇస్మాయీల్ అంటారు. బైబిల్‌లో ఇస్సాకు అని ఉంటుంది. క్లాసులో క్రైస్తవ స్నేహితుడు వేరే పేరు చెప్పాడని పిల్లవాడు వస్తే, "నీది తప్పు, మనదే ఒప్పు" అని కొట్లాటకు పంపకండి. ఒకే తాత కథను రెండు ఇళ్లలో చెప్పుకుంటున్నారని చెబితే వాడికి ముచ్చటగా ఉంటుంది.

పెద్ద పిల్లలు అడిగే ప్రశ్న ఇంకొకటి: దేవుడికి మాంసం ఎందుకు? ఖురాన్ 22వ సూరా 37వ ఆయత్ దీనికి సూటిగా జవాబిస్తుంది. మాంసంగానీ నెత్తురుగానీ ఆయనకు చేరవు, మీలోని భయభక్తులే చేరతాయని దాని సారం. మరి మాంసం ఎక్కడికి పోతుంది? మూడు వాటాలవుతుంది: ఇంటికి ఒకటి, చుట్టాలకు స్నేహితులకు ఒకటి, లేనివాళ్లకు ఒకటి. కోసినాయనకు కూలి డబ్బుల్లోనే ఇవ్వాలి, మాంసమో చర్మమో కూలి కింద ఇవ్వకూడదు. చర్మాన్ని చాలామంది మదర్సాకు ఇస్తారు. తూకం దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టండి. లేనివాళ్ల వాటాలోకి బొక్కలూ కొవ్వూ నెట్టి మెత్తటిది మనకు దాచుకుంటే, వాళ్లు చూస్తారు, నేర్చుకుంటారు.

కోసేటప్పుడు పిల్లలు ఉండాలా వద్దా అని నన్ను అడుగుతుంటారు. చూడమని బలవంతం చేయకండి. "మగపిల్లవాడివి, ఏడుస్తావా" అన్న మాట అసలే వద్దు. వాడు ఏడుస్తున్నది జాలితో. మన పద్ధతిలోనూ ఆ జాలి ఉంది: జంతువు ముందు కత్తి నూరకూడదు, ఒకదాని ఎదుట ఇంకొకదాన్ని కోయకూడదు, కత్తి పదునుగా ఉండాలి, ముందు నీళ్లు తాగించాలి. కుంటిదాన్ని, గుడ్డిదాన్ని, రోగమొచ్చినదాన్ని ఇవ్వకూడదు. ఈ కట్టుబాట్లన్నీ పిల్లలకు ముందే చెప్పండి, కోసేవాళ్లు తప్పితే వాళ్లే గుర్తుచేస్తారు. ఇక ఫోన్లు. నెత్తుటి వీడియో తీసి స్టేటస్‌లో పెట్టే పిల్లవాణ్ని మాత్రం గట్టిగా ఆపండి. ఇక్కడ మెత్తదనం పనికిరాదు.

అప్పు చేసి మేకను తేవద్దు. ఖుర్బానీ, అంటే ఈ పండుగ బలి, స్తోమత ఉన్నవాళ్లకే బాధ్యత. మన వైపు లెక్కలో, అవసరాలు పోను యాభై రెండున్నర తులాల వెండి విలువంత మిగులు ఉన్నవాళ్లకే అది వర్తిస్తుంది. లేనివాళ్లు చేయకపోతే తప్పు లేదు. "పక్క గల్లీలో రెండు తెచ్చిండ్రు, మనకు ఒక్కటి కూడ లేదా" అని పిల్లలు అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వాళ్లు తట్టుకుంటారు.

పొరుగు గురించి ఒక ముచ్చట. ఇస్లామీ నెల నెలవంకతో మొదలవుతుంది కాబట్టి జిల్‌హజ్ నెల పదో రోజు, అంటే బక్రీద్, మన పంచాంగంలో ఏకాదశి దగ్గరే పడుతుంటుంది. ఇస్లామీ లెక్కలో అధికమాసం లేకపోవడంతో పండుగ ఏటా పదకొండు రోజుల దాకా ముందుకు జరుగుతుంది. అట్లా 2022లో, మళ్లీ 2023లో తొలి ఏకాదశి, బక్రీద్ ఒకే రోజు వచ్చాయి. ఎదురింటి పెద్దమ్మ ఉపవాసం. ఆమె మాకు పేలాల పిండి పంపింది, మేం ఆమెకు సేమ్యా పంపాం. 2024లో బక్రీద్ సోమవారం పడింది. వేములవాడ రాజన్నను కొలిచే ఇళ్లలో సోమవారం నీసు ముట్టరు. "రేపు పంపు బిడ్డా, మంగళవారం వండుకుంటం" అంది పెద్దమ్మ. ఆ వాటాను ఫ్రిజ్‌లో విడిగా పెట్టింది మా చిన్నోడే. ఎవరు ఏ రోజు తింటారో, ఎవరు ఎప్పుడూ తినరో పిల్లలకు తెలిసి ఉండాలి. రాజన్న గుడి ఆవరణలోనే దర్గాను చూస్తూ పెరిగిన ప్రాంతం మనది, ఇది వాళ్లకు కష్టమైన పాఠం కాదు.

మొన్నటి పండుగకు మేకను తెచ్చిన రోజే వాణ్ని కూర్చోబెట్టాను. "దీన్ని పండుగనాడు కోస్తం. నువ్వేమంటవు?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను చూడ. పంచెటప్పుడు మాత్రం నేనే పోత" అన్నాడు.

పండుగనాడు పొద్దున్నే లేచి దానికి నీళ్లు పెట్టాడు. మెడలో గంట విప్పి జేబులో వేసుకున్నాడు. పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాడు. పిలిచాక వచ్చి సంచులు అందుకొని, మొదటిది గల్లీ చివర ఒంటరిగా ఉండే ముసలమ్మకు ఇచ్చి వచ్చాడు. చెమటతో తడిసి వచ్చి, "ఇంకెన్ని ఉన్నయమ్మా?" అన్నాడు. వాడు నడుస్తుంటే జేబులో గంట చప్పుడవుతోంది.