రెండు రూపాల సూక్ష్మజీవి: క్యూ జ్వరం

జ్వరం తగ్గగానే రోగం పోయిందని భావించడం మానవ సహజం. కాని కొన్ని బాక్టీరియాలు రూపం మార్చుకొని దీర్ఘకాలం మనుగడ సాగించగలవు. లైమ్ వ్యాధిని కలిగించే మెలికల బాక్టీరియా ప్రతికూల పరిస్థితులలో గుండ్రని రూపం ధరించడం ప్రయోగశాలలలో కనిపించింది. అయితే రోగిని ఏళ్ల తరబడి వేధించే బాధలకు ఆ రూపమే కారణమని నిరూపితం కాలేదు. ఒమన్‌లో నివసించే వారు తెలుసుకోదగిన ఇటువంటి జీవి మరొకటి ఉన్నది. అది క్యూ జ్వరాన్ని కలిగించే కాక్సియెల్లా బర్నెటి.

1937లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో పశువధశాల కార్మికులకు సోకిన అంతుపట్టని జ్వరాన్ని ఎడ్వర్డ్ డెరిక్ అనే వైద్యుడు వర్ణించాడు. కారణం తెలియనందున, ప్రశ్న అని అర్థమిచ్చే ‘క్వెరీ’ అన్న ఆంగ్లపదపు తొలి అక్షరమే దానికి పేరైంది. ఒమన్‌లో ఈ వ్యాధిని గూర్చిన తొలి నివేదిక 2000 సంవత్సరంలో ‘ఎమర్జింగ్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్’ పత్రికలో వెలువడింది.

మేకలు, గొర్రెలు, ఆవులు, ఒంటెలు ఈ క్రిమికి ఆశ్రయాలు. వ్యాధి సోకిన పశువు ఈనినప్పుడు మాయతోపాటు అసంఖ్యాకంగా వెలువడే క్రిములు ఎండి, ధూళిలో కలిసి, శ్వాసద్వారా మనిషిని చేరతాయి. అప్పుడు వాటిది చిన్న రూపం. ఎండిన విత్తనం తొలకరికై వేచినట్లు, ఆ రూపంలో అవి నెలల తరబడి నిద్రాణంగా ఉండగలవు.

ఊపిరితిత్తులలోని భక్షక కణాలు వాటిని మింగి ఆమ్లంతో చంపజూస్తాయి. ఇతర క్రిములకు మృత్యువైన ఆ ఆమ్లమే కాక్సియెల్లాకు తొలకరి! అది మేల్కొని పెద్ద రూపం దాల్చి విభజన చెందుతుంది. కొన్ని రోజులకు మరల చిన్న రూపానికి మారుతుంది.

సోకిన వారిలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. కొందరికి జ్వరం, తలనొప్పి, న్యుమోనియా లేదా కాలేయపు వాపు కలుగుతాయి. అత్యల్ప సంఖ్యలో మాత్రం వ్యాధి దీర్ఘకాలికమై గుండె కవాటాలను పట్టుకొంటుంది. బాల్యంలో కీళ్లవాత జ్వరం వచ్చి కవాటాలు దెబ్బతిన్నవారికి, కృత్రిమ కవాటం అమర్చినవారికి ఈ ప్రమాదం ఎక్కువ. సాధారణ రక్త కల్చర్ పరీక్షలో ఈ క్రిమి పెరగదు. ప్రతిరక్షకాల పరీక్ష అవసరం.

తొలిదశలో డాక్సీసైక్లిన్ రెండు వారాలు వాడితే సాధారణంగా సరిపోతుంది. గుండెకు సోకితే దానికి హైడ్రాక్సీక్లోరోక్విన్ జోడించి కనీసం 18 నెలలు వాడవలసి ఉంటుంది. ఈ రెండవ మందు క్రిమి నివసించే గూటిలోని ఆమ్లతను తగ్గించి, మొదటి మందు పనిచేయుటకు తోడ్పడుతుంది.

పచ్చిపాలలోను ఈ క్రిమి ఉండవచ్చును. అమెరికాలో 1956లో పాశ్చరీకరణ ఉష్ణోగ్రతను 143 నుండి 145 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పెంచడానికి కారణం ఇదే. కనుక ఖరీఫ్ జల్లులకై సలాలా వెళ్లే కుటుంబాలు దారి పక్కన అమ్మే ఒంటెపాలను మన ఇళ్లలో వలెనే పొంగు వచ్చేవరకు కాచి త్రాగడం మేలు. గర్భిణులు, గుండె జబ్బు ఉన్నవారు ఈనే పశువులకు దూరంగా ఉండాలి. స్వదేశానికి వెళ్లిన తరువాత జ్వరం విడువకపోతే, పశువుల సాంగత్యాన్ని, త్రాగిన పచ్చిపాలను వైద్యునికి తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాటతో సరియైన పరీక్ష సకాలంలో జరిగే అవకాశం ఉన్నది.