కిడ్నీ పంపే కబురు
(ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ గురించి తెలుసుకుందాం)

కీసర నుంచి మా దగ్గరకు డయాలిసిస్‌కు వచ్చే ఒక పెద్దాయనకు రెండు నెలలు ఇంజెక్షన్ వేసినా హిమోగ్లోబిన్ 7 దాటలేదు. ఇంత డబ్బు పోసినా మందు పని చేయడం లేదని ఇంట్లోవారు బాధపడ్డారు. మేము నెమ్మదిగా అడిగితే సంగతి తెలిసింది. చల్లగా ఉంచమన్నారు కదా అని కోడలు ఆ ఇంజెక్షన్లను ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అరలో పెట్టింది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఎందుకు గడ్డకట్టకూడదో మేమే వివరంగా చెప్పలేదు. అందుకే ఈసారి పాఠం దీని గురించే.

ఈ ఇంజెక్షన్‌లో ఏముంది?

మన శరీరంలోని కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి. ఆ కబుర్లలో చాలావాటిని మోసేవి ప్రోటీన్లు. ప్రాణవాయువు తగ్గిందని కిడ్నీలు గమనించగానే ఎరిత్రోపోయిటిన్ అనే ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతాయి. అది ఎముకల్లోని మూలుగకు చేరి, ఎర్ర కణాలు తయారు చేయమని చెబుతుంది. కిడ్నీలు చెడిపోతే ఈ కబురు సరిగా అందదు. డయాలిసిస్ మలినాలను, ఎక్కువైన నీటిని తీయగలదు గాని ఆ కబురు పంపలేదు. అందుకే ఒళ్లు పాలిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది.

ఎలా తయారు చేస్తారు?

1977లో అమెరికాలో గోల్డ్‌వాసర్ బృందం 2,550 లీటర్ల మూత్రం నుంచి ఈ ప్రోటీన్‌ను కొద్ది మిల్లీగ్రాములే శుద్ధి చేయగలిగింది. తరువాత దీనికి సంబంధించిన మనిషి జన్యువును గుర్తించి, ఎలుక జాతికి దగ్గరైన హామ్‌స్టర్ కణాల్లో పెట్టారు. పెద్ద పాత్రల్లో పెరిగే ఆ కణాలు మనిషి ప్రోటీన్‌నే తయారు చేస్తాయి. 1989లో అమెరికాలో దీన్ని మందుగా అనుమతించారు.

జన్యువును వేరే కణంలో పెట్టే విద్య మన హైదరాబాద్‌కూ వచ్చింది. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను, 2001లో డాక్టర్ రెడ్డీస్ తెల్ల కణాలను పెంచే గ్రాఫీల్‌ను తెచ్చాయి.

ల్యాబ్ సీసా వాడవచ్చా?

హబ్సిగూడలోని సీసీఎంబీ వంటి చోట్ల కణాల మీద పరిశోధనలు జరుగుతాయి. అలాంటి ప్రయోగాల కోసం కబురు మోసే ప్రోటీన్లను విడిగా అమ్ముతారు. సీసా మీద “పరిశోధనకు మాత్రమే” అని ఉంటుంది. “పేరు అదే కదా, ల్యాబ్‌లో పనిచేసే మా బాబు ద్వారా తెప్పించుకోవచ్చా?” అని ఒకమ్మ అడిగారు. వద్దమ్మా. దాన్ని మనిషికి ఎక్కించడానికి తగినట్టు సూక్ష్మజీవులు, వాటి విషాలు లేవని పరీక్షించి ఉండరు. మోతాదూ మనిషికి కొలిచి ఉండదు. పేరు ఒకటైనా అది మందు కాదు.

గుర్తుంచుకోవలసినవి

1. ఇంజెక్షన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య, ఫ్రిజ్ మధ్య అరలో ఉంచండి. తలుపులో వద్దు. గడ్డకట్టినా, గట్టిగా కుదిపినా ప్రోటీన్ చెడుతుంది. గడ్డకట్టినదాన్ని కరిగించి వాడకండి.

2. మందుల షాపు నుంచి ఐస్ బాక్సులో తెండి. మందు ఐసుకు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డ పెట్టండి.

3. కబురు అందినా సరుకు లేకపోతే మూలుగ ఏం చేస్తుంది? ఒంట్లో ఇనుము ఉండాలి. డాక్టరుగారు చెప్పిన ఐరన్ మానకండి.

4. ఫలితానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొందరపడి మోతాదు పెంచకండి. హిమోగ్లోబిన్ మరీ పెరిగితే రక్తం గడ్డలు, పక్షవాతం ముప్పు ఉంది. బీపీ కూడా పెరగవచ్చు, ప్రతిసారీ చూపించుకోండి.

ఆ పెద్దాయనకు కొత్త ఇంజెక్షన్లు, ఐరన్ మొదలుపెట్టాక హిమోగ్లోబిన్ మెల్లగా తొమ్మిదిన్నరకు వచ్చింది. ఇప్పుడు మా వార్డు మెట్లు మధ్యలో కూర్చోకుండా ఎక్కుతున్నారు. డయాలిసిస్ గది బయట కూర్చున్న కొత్తవారికి ఫ్రిజ్‌లో ఏ అర వాడాలో ఆ కోడలే చెబుతోంది. మీకూ సందేహం ఉంటే మమ్మల్ని అడగండి. డబ్బు, రక్తం రెండూ పోగొట్టుకున్నాక అడగడం కన్నా ముందే అడగడం మేలు.