సీసాల ఇల్లు

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఉత్తరభాగమునందును, కెనడాయందును శీతకాలమున మంచు దట్టముగా కురియును. అపుడు ఉద్యోగవిరమణ చేసిన వృద్ధులు పెక్కురు వంటగదియు పడకలును గల పెద్ద మోటారుబండ్లలో దక్షిణపు ఎడారులకు తరలిపోవుదురు, వసంతమున మరలివత్తురు. అందుచే వారికి 'మంచుపక్షులు' అను పేరు కలిగినది.

జనులు విడిచిపోయిన పట్టణములను అచట 'దయ్యపు పట్టణములు' అందురు. వానిని చూచుట ఈ వృద్ధులలో పలువురకు ప్రీతి. నెవాడా రాష్ట్రమున మృత్యులోయకు సమీపమున రయొలైట్ అను అట్టి పట్టణమొకటి కలదు. 1904లో అచట బంగారము బయల్పడినది. మూడు నాలుగేండ్లలోనే వేలకొలది జనులు చేరిరి. రైలు, విద్యుద్దీపములు, పాఠశాల, మూడంతస్తుల బ్యాంకు వచ్చినవి. కాని 1907 నాటి ఆర్థిక సంక్షోభముతో పెట్టుబడులు తగ్గినవి. ప్రధానమైన గని 1911లో మూతపడెను. 1916లో దీపములు ఆరిపోయినవి. జనులు తలయొక దారిని పోయిరి.

నేడు ఆ బ్యాంకునకు మొండిగోడలే మిగిలినవి. ఆ పట్టణముననే ఒక చిన్న ఇల్లు మాత్రము చెక్కుచెదరక నిలిచియున్నది. ఎడారిలో కలప దుర్లభమగుటచే, టామ్ కెల్లీ అను వృద్ధుడు జనులు త్రాగి పారవైచిన సీసాలను సుమారు 50,000 సేకరించి, అడుసుతో పేర్చి, 1906లో దానిని కట్టెను. తరువాతివారు బాగుచేయుచు దానిని కాపాడిరి.

చలి ముగిసి ఇల్లు చేరిన తాతలు ఈ ముచ్చట మనుమలకు చెప్పుకొందురు. బంగారము త్రవ్వినవారిలో పెక్కుర పేరులు మరుగుపడినవి. ఇతరులు పనికిరావని విడిచినవానితో ఇల్లు కట్టిన ముదుసలి పేరు నూరేండ్లు దాటినను నిలిచియున్నది.