నొప్పి తెలియని జబ్బు

ఆఫ్రికా ఖండంలో, పడమటి సముద్రతీరాన ఘనా అనే దేశం ఉంది. దాని రాజధాని అక్రా. అక్రా చుట్టుపక్కల పూర్తిగా పల్లెలూ కాని, పట్నాలూ కాని ఊళ్లు ఉన్నాయి.

అలాంటి ఊళ్లో ఒక అవ్వ ఉందనుకుందాం. అక్కడి అకాన్ భాషలో అవ్వనైనా, తాతనైనా 'నానా' అంటారు. మనమూ ఈమెను నానా అనే పిలుద్దాం.

నానాకు 68 ఏళ్లు. పులిసిన మొక్కజొన్న పిండితో కెంకె ఉండలు చేసి అమ్ముతుంది. మనవళ్లను తనే సాకుతుంది. నానా మంచాన పడితే ఆ ఇల్లు గడవదు.

ఒకరోజు నర్సమ్మ నానాకు బీపీ చూసింది. 170/100 ఉంది. మర్నాడు, ఆ మర్నాడు కూడా చూసింది. తగ్గలేదు.

"నాకేం నొప్పి లేదే!" అని నవ్వింది నానా.

"ఈ జబ్బు అంతే నానా. నొప్పి తెలియదు. లోలోపల గుండెనూ, మెదడునూ, మూత్రపిండాలనూ పాడుచేస్తుంది" అంది నర్సమ్మ.

డాక్టరు మాత్రలు రాశాడు. నానా నెల రోజులు వేసుకుంది. ఒళ్లు బాగానే ఉంది. ఇంకా డబ్బులు దండగ ఎందుకని మానేసింది.

ఘనాలో 2003లో ఆరోగ్య బీమా చట్టం వచ్చింది. 70 ఏళ్లు దాటినవాళ్లు చందా కట్టక్కర్లేదు. నానాకు ఇంకా 70 రాలేదు. చందా కట్టలేదు. మాత్రలు కొనుక్కోవాల్సి వచ్చింది.

ఒక తెల్లవారుజామున నానా కుడిచెయ్యి లేవలేదు. మూతి వంకరపోయింది. మాట తడబడింది. అది పక్షవాతం. ఇరుగుపొరుగు వాళ్లు వెంటనే ఆస్పత్రికి మోసుకుపోయారు. ప్రాణం దక్కింది. కానీ ఆ చేత్తో పిండి పిసకలేదు.

అక్కల్లారా, అన్నల్లారా! నానా తప్పు ఎక్కడ చేసింది? మాత్రలు వేసుకున్నందుకే బీపీ అదుపులో ఉంది. బాగుంది కదా అని మానేసింది. డాక్టరు చెప్పకుండా మానకూడదు.

గుర్తుంచుకోండి:

పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ దాటి ఉంటే బీపీ ఎక్కువని అర్థం. ఒక్కసారి చూసి తేల్చరు. వేరే రోజు మళ్లీ చూస్తారు.

ఉప్పు అంతా కలిపి రోజుకు ఒక చిన్న చెంచా మించకూడదు. ఘనాలో కోబి అనే ఉప్పుచేపను పులుసులో వేస్తారు. ఆ ఉప్పు కూడా లెక్కలోకే వస్తుంది.

చెప్పండి:

1. నానా మాత్రలు ఎందుకు మానేసింది?
2. పక్షవాతం గుర్తులు ఏవి?
3. మీ ఇంట్లో పెద్దవాళ్లకు బీపీ ఎప్పుడు చూపించారు?