వెబ్ పోర్టళ్ళలో విడిభాగాలు: వ్రాయడం, పంచుకోవడం

మోటారు కారు చక్రానికి బోల్టు అరిగిపోతే ఎవరూ కొలిమి పెట్టి కొత్త బోల్టు చేసుకోరు. దుకాణంలో అదే కొలతగల బోల్టు దొరుకుతుంది. కంప్యూటర్ ప్రోగ్రాములకు మాత్రం ఈ సౌకర్యం చాలాకాలం లేకపోయింది. అవసరమైనదంతా ఎవరికి వారే మొదటినుండి వ్రాసుకొనేవారు. 1968లో జర్మనీలోని గార్మిష్ పట్టణంలో జరిగిన నాటో సదస్సులో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌కు చెందిన డగ్లస్ మెకిల్‌రాయ్ ఈ లోటును ఎత్తిచూపారు. సాఫ్ట్‌వేర్ విడిభాగాలు కూడా పరిమాణాన్ని బట్టి, ఖచ్చితత్వాన్ని బట్టి ఎంచుకొనేలా పట్టికలలో లభించాలని వారు కోరారు.

ఆ కోరిక తీరడంలోని కష్టసుఖాలను గ్రహించడానికి వెబ్ పోర్టల్ తగిన ఉదాహరణ. పోర్టల్ అంటే సింహద్వారం. పెద్ద సంస్థలోని ఉద్యోగి ఒక్కసారి తన పేరు, సంకేతపదం ఇచ్చి లోనికి ప్రవేశిస్తే జీతపు వివరాలు, సెలవుల లెక్క, ఉత్తరాలు, వార్తలు ఒకే పుటపై వేర్వేరు గడులలో కనిపిస్తాయి. ఒక్కొక్క గడిని నింపే చిన్న ప్రోగ్రామును పోర్ట్‌లెట్ అంటారు. మొదట్లో పోర్టల్ అమ్మే ప్రతి కంపెనీదీ ఒక పద్ధతి. ఒకరి పోర్టల్‌కు వ్రాసిన గడి మరొకరి పోర్టల్‌లో పనిచేసేది కాదు.

ఇండియానుండి మిక్సీ తెచ్చుకున్న కుటుంబాలకు ఈ చిక్కు సుపరిచితమే. ప్లగ్గుకు అడాప్టరు తగిలిస్తే గోడలో అమరుతుంది. అయినా ఆ మిక్సీ 230 వోల్టుల, 50 హెర్ట్జుల విద్యుత్తుకోసం తయారైనది. అమెరికా ఇంట్లో వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జులు. ఆకారం కుదిరినంత మాత్రాన పని జరగదు. ఇచ్చేవారికీ పుచ్చుకొనేవారికీ మధ్య స్పష్టమైన ఒడంబడిక ఉండాలి.

పోర్టళ్ళకు అటువంటి ఒడంబడికను ఐ.బి.ఎం., సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థల నాయకత్వాన 2003లో రూపొందించారు. జె.ఎస్.ఆర్. 168 అనే ఈ ప్రమాణం జావా భాషలో వ్రాసిన పోర్ట్‌లెట్లకు వర్తిస్తుంది. దాని ప్రకారం పోర్ట్‌లెట్ పుట మొత్తాన్ని వ్రాయరాదు. తన గడికి చెందిన ముక్కను మాత్రమే అందించాలి. ముక్కలన్నిటినీ కూర్చి పుటగా చేయడం పోర్టల్ బాధ్యత. ఒకే పుటపై రెండు గడులు ఒకే పేరును వాడితే తికమక తప్పదు. తెలుగువారి సభలో "శ్రీనివాస్" అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు గనుకనే ఇంటిపేరు కలిపి పిలుస్తాము. పోర్ట్‌లెట్లు కూడా తమ పేర్లకు పోర్టల్ ఇచ్చే ఇంటిపేరును చేర్చుకొంటాయి. గడులు పరస్పరం సమాచారం అందించుకొనే ఏర్పాటు 2008లో వెలువడిన జె.ఎస్.ఆర్. 286లో చేరింది.

ఈ పంపకానికి అమెరికా విశ్వవిద్యాలయాలు మంచి దారి చూపాయి. జాసిగ్ అనే కూటమిగా ఏర్పడి, యూపోర్టల్ అనే పోర్టల్‌ను ఉమ్మడిగా నిర్మించి, మూలప్రతితో సహా అందరికీ ఉచితంగా ఇచ్చాయి. ఒక విద్యాలయం వ్రాసిన గడి మరొక విద్యాలయానికి పనికివచ్చింది. 2012లో ఈ కూటమి సకాయ్ ఫౌండేషన్‌తో కలిసి అపెరియో ఫౌండేషన్‌గా మారింది.

అయితే పంచుకున్న వస్తువును కనిపెట్టుకొని ఉండేవారు కూడా కావాలి. జావా ప్రోగ్రాములలో జరిగిన సంగతులను నమోదుచేసే లాగ్‌ఫోర్‌జె అనే విడిభాగం ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. 2021 డిసెంబరులో అందులో తీవ్రమైన భద్రతాలోపం బయటపడింది. నమోదుకై పంపిన ఒక వాక్యంతోనే దూరాననున్న వ్యక్తి ఆ కంప్యూటర్‌ను వశపరచుకొనే ప్రమాదం ఏర్పడింది. అది వేరే విడిభాగాల లోపల ఇమిడి ఉండడంతో, తమవద్ద ఉన్నదో లేదో కూడా అనేక సంస్థలు వెంటనే చెప్పలేకపోయాయి. దానిని సవరించే భారం అపాచీ ఫౌండేషన్‌లోని కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తలపై పడింది.

కనుక విడిభాగాన్ని పంచేవారు నాలుగు సంగతులు వ్రాసి ఉంచాలి: అది ఏ పని చేస్తుంది, చుట్టూ ఏ పరిస్థితులను కోరుతుంది, ఏ షరతులపై వాడుకోవచ్చు, లోపం కనిపిస్తే ఎవరికి తెలియజేయాలి. వాడుకొనేవారు తమ ఇంట్లో ఎవరి సరుకులు ఉన్నాయో జాబితా ఉంచుకోవాలి. వీలైనప్పుడు మరమ్మతులో ఒక చేయి వేయాలి. ఊరుమ్మడి చెరువుకు పూడిక తీసేవారు లేకపోతే ఏమవుతుందో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు.